చేతిలోని పుస్తకం ఎవరిది?

ఫాంటసీ నవలల అభిమానులు నలుగురు కలిస్తే చర్చ తరచుగా రాజ్యాధికారం వైపే మళ్లుతుంది. సింహాసనం ఎవరికి దక్కడం న్యాయం, నియంతను కూల్చినవాడు మరో నియంత కాకుండా ఆపేదెవరు అని వాదించుకుంటారు.

వేయి పుటల ఆ గ్రంథాలను ఎందరో ఇప్పుడు తెరమీదే చదువుతున్నారు. మోత బరువు లేదు, దీపం అక్కరలేదు. అయితే అధికారాన్ని అంతగా ప్రశ్నించే పాఠకుడు చేతిలోని పుస్తకంపై తన అధికారమెంతో అడగడం అరుదు.

2009 జూలైలో అమెజాన్ సంస్థ ఆర్వెల్ రచనలైన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతులు కొన్నింటిని కొనుగోలుదారుల కిండిల్ పరికరాల నుంచి వారిని అడగకుండానే తొలగించింది. విక్రయానికి పెట్టినవారికి హక్కులు లేవన్నది కారణం. సొమ్ము వాపసు చేసింది, ఆనక క్షమాపణ చెప్పింది. కానీ నియంతృత్వాన్ని ఎండగట్టిన పుస్తకమే కొన్నవారి చేతిలోంచి మాయం కాగలదని లోకానికి తెలిసింది.

మన పన్నుల విధానమూ ఈ తేడాను దాచలేదు. అచ్చు పుస్తకం వస్తువు. దానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకం సేవ, అచ్చు ప్రతి ఉన్నవాటికి 2018 జూలైలో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారే తప్ప ఎత్తివేయలేదు.

సేవను అందించేవాడు ఆపివేయగలడు. అచ్చు పుస్తకాన్ని మాత్రం స్నేహితుడికి ఇవ్వవచ్చు, బిడ్డలకు మిగల్చవచ్చు. కల్పిత రాజ్యాలలో న్యాయం వెతికేవారు ఈ చిన్న హక్కునూ అడగాలి.