బండి పాతదే... గుండె మార్చాలా?

నెలాఖరు ఆదివారం. కొండాపూర్ సందుల్లో ఏ అపార్ట్‌మెంట్ ముందు చూసినా ఓ పికప్ బండి ఆగి ఉంటుంది. పైనుంచి వాషింగ్ మెషీన్ దిగుతుంది. దాని వెనకే పరుపులు, గ్యాస్ బండ, ఎవరూ పట్టుకోవడానికి ఇష్టపడని చేపల తొట్టి. చిట్టచివర ఇంటావిడ చేతిలో తులసి కుండీ. మసీద్‌బండ నుంచి రాఘవేంద్ర కాలనీకి, అక్కణ్నుంచి గచ్చిబౌలికి... 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ వెలిసినప్పట్నుంచీ ఈ చుట్టుపక్కల ఇళ్లు మారేవాళ్లకు కొదవ లేదు. సామాన్లు కొత్తవి, ఫ్లాట్లు కొత్తవి. మోసే బళ్లు మాత్రం చాలావరకు పాతవే!

ఎంత పాతవో నెంబరు ప్లేటే చెబుతుంది. 'ఏపీ 28' అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లా బండి. 2014లో తెలంగాణ వచ్చాక 'టీఎస్' అయింది. 2024 మార్చి నుంచి కొత్త బళ్లకు 'టీజీ' ఇస్తున్నారు. ప్లేటు మీద రాష్ట్రం కోడ్ రెండుసార్లు మారినా, బానెట్ కింద అదే ఇంజిన్ దడదడలాడుతూ ఉంటుంది. ఎన్నాళ్లు? కొత్తగూడ దగ్గర 2023 జనవరి 1న ప్రారంభించిన ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ సంగతి తేలిపోతుంది. నిండు లోడుతో సెకండ్ గేరులో మూలుగుతూ, వెనకున్న కార్ల మీదికి నల్లటి పొగ వదులుతూ ఎక్కే బండిని చూసి హారన్ కొట్టని వాళ్లుండరు. లోపల కూర్చున్న డ్రైవరుకు మాత్రం ఆ హారన్ల కన్నా ఇంజిన్ చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

అలాంటి బండి ఉన్న యజమాని ఒకర్ని ఊహించుకుందాం. ఉన్నది ఒక్కటే బండి. దాని మీదే పిల్లల ఫీజులు, ఇంటి అద్దె. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, పికప్ పడిపోయింది. షెడ్డుకు తీసుకెళితే మేస్త్రి ఆయిల్ మూత తీసి చూస్తాడు, పొగ చూస్తాడు. 'బోర్‌కొచ్చిందన్నా' అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది. 'ఇగ దీని మీద పైసలు పెట్టుడెందుకు? వేరే ఇంజిన్ దింపుదాం. దీనికన్నా పెద్దది. ఫ్లైఓవర్ మీద గాలిలో పోతది!'

ఆశ పుట్టడంలో తప్పేముంది? బండి అమ్ముదామంటే పాత ఇనుము ధర చెబుతారు, కొత్తది కొందామంటే ఏళ్ల తరబడి వాయిదాలు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి!

షెడ్డులో ఏం జరుగుతుంది?

వేరే ఇంజిన్ దింపడమంటే పాతది ఎత్తి కొత్తది దించడం కాదు. మొదట ఫౌండేషన్లు కుదరవు, వాటిని కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య హౌసింగ్ కలవదు. కలిసినా క్లచ్ ప్లేటు సైజు వేరు. పాత రేడియేటర్ పెద్ద ఇంజిన్ వేడిని తట్టుకోలేదు. బలం పెరిగిన కొద్దీ ఆ తిప్పుడంతా ప్రొపెల్లర్ షాఫ్టు మీద, వెనక డిఫరెన్షియల్ మీద పడుతుంది. బరువు పెరిగితే ముందు కమాన్ కట్టలు కుంగుతాయి. బ్రేకులు మాత్రం ఎప్పటివో అవే. దీన్ని చాలామంది ఆలోచించరు. బండి వేగంగా ఎక్కడం అందరికీ కనిపిస్తుంది. దిగేటప్పుడు ఆగుతుందా లేదా అన్నది దిగేదాకా తెలీదు.

చిన్న బండినే తీసుకోండి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానికున్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. పదహారు హార్స్‌పవర్. చట్రం, బ్రేకులు, చక్రాలు అన్నీ ఆ బలానికి తగ్గట్టు లెక్కేసి చేసినవే. తర్వాత అదే ఏస్ పెట్రోల్‌తోనూ సీఎన్‌జీతోనూ వచ్చింది, 2022లో బ్యాటరీతో నడిచేదీ విడుదలైంది. కంపెనీ నాలుగు రకాలు చేస్తే తప్పు లేదు, షెడ్డులో ఒకటి మారిస్తే తప్పా? అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కంపెనీ ఒక్కో రకాన్నీ పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల దగ్గర పరీక్షకు పెట్టి, పొగ నుంచి బ్రేకుల దాకా ఆమోదం తెచ్చుకున్నాకే అమ్ముతుంది. షెడ్డులో జరిగే పరీక్ష ఒక్కటే... స్టార్టయిందా లేదా!

కాగితాల దగ్గర అసలు చిక్కు

బొటానికల్ గార్డెన్‌కు దగ్గర్లోనే కొండాపూర్ ఆర్‌టీఏ ఆఫీసు. ఈ కథలో సగం అక్కడే నడుస్తుంది. ఎందుకంటే ప్రభుత్వం దృష్టిలో బండి అంటే రెండు నెంబర్లు. ఒకటి చాసిస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద గుద్ది ఉంటాయి. ఆర్‌సీలో ఉన్నవీ బండి మీద ఉన్నవీ ఒకటై తీరాలి. ఆ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకునే పద్ధతి డ్రైవర్లందరికీ తెలిసిందే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పది, అంతకు మించి రవాణా వాహనాలున్న యజమానులు అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం వీలు కల్పించవచ్చు. మార్చాక పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి. ఒక్క బండి మీద బతికేవాడికి ఆ వెసులుబాటు లేదు, ముందే అర్జీ పెట్టుకోవాలి. పది బళ్లున్న వాడికి తేలిక, ఒక్క బండి వాడికి బరువు. ఏ చట్టం రాసినా పెన్ను అటే ఎందుకు వంగుతుందో!

'అదే కంపెనీ, అదే రకం' అన్న మాట దగ్గరే పెద్ద ఇంజిన్ ఆశ ఆగిపోతుంది. కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం శిక్షనూ రాసిపెట్టింది. అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. ఇంకా పెద్ద భయం బీమాది. ప్రమాదం జరిగినప్పుడు ఆర్‌సీలో ఒక ఇంజిన్, బండిలో మరో ఇంజిన్ కనిపిస్తే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. బిల్లు లేకుండా కొన్న సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొంగబండిదని తేలితే ఇక చెప్పేదేముంది!

సరదాకు ఇంజిన్లు మార్చుకునే అమెరికాలో కూడా అంతా ఇష్టారాజ్యం కాదు. కాలిఫోర్నియాలో పెట్టే ఇంజిన్ ఆ బండి మోడల్ ఏడాదిదో అంతకన్నా కొత్తదో అయి ఉండాలి. దాని పొగ నియంత్రణ సామగ్రి అంతా దానితోపాటే రావాలి, అధీకృత పరిశీలకుడు చూసి ముద్ర వేయాలి. మన దగ్గరా పొగే కీలకం. దేశమంతా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. కొత్తతరం ఇంజిన్‌ను పాత పికప్‌లో పెట్టాలంటే దాని కంప్యూటర్, సెన్సర్లు, సైలెన్సర్‌లోని ఫిల్టర్లు అన్నీ దిగాలి. అప్పుడు పాత బండిలో మిగిలేది క్యాబిన్, స్టీరింగే!

మియాపూర్ నుంచి జహీరాబాద్ దాకా

కొండాపూర్ దాటి హఫీజ్‌పేట మీదుగా మియాపూర్ చేరితే ఆల్విన్ క్రాస్‌రోడ్స్ వస్తుంది. ఫ్రిజ్‌లు, గడియారాలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ పేరే అది. ఆ కంపెనీ జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి, అదే ముంబయి హైవే మీద వంద కిలోమీటర్ల లోపున్న జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఎనభైల్లో డీసీఎం-టయోటా, స్వరాజ్-మజ్దా, ఐషర్-మిత్సుబిషిలతో పోటీపడిన 'ఆల్విన్ నిస్సాన్' అదే. 1989లో మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ ఫ్యాక్టరీలో 2013 నుంచి ట్రాక్టర్లు కూడా తయారయ్యాయి. డీసీఎం-టయోటా కూడా కనుమరుగైంది, కానీ హైదరాబాద్‌లో చిన్న లారీ ఏదైనా ఇప్పటికీ 'డీసీఎం'మే!

పేరు మిగిలినా స్పేర్ పార్టులు మిగలాలని లేదు. కంపెనీయే లేని బండికి 'అదే కంపెనీ ఇంజిన్' ఎక్కణ్నుంచి తేవాలి? చట్టం చదివితే దొరకని జవాబు ఇది. అలాంటి బండి యజమాని వేరే దారి చూసుకుంటున్నాడంటే అతన్ని నేరస్థుడిలా చూడటం సరికాదు. కానీ మన యజమానిది అలాంటి బండి కాదు. దాని పార్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

బ్యాటరీ మాటేమిటి? డీజిల్ ఇంజిన్ తీసి మోటారు పెట్టుకోవడానికి చట్టంలో దారి ఉంది. ఆ కిట్ ఆ మోడల్‌కు ఆమోదం పొందినదై ఉండాలి, అమర్చేది కూడా అనుమతి ఉన్న కేంద్రమే కావాలి. చట్టబద్ధంగా గుండె మార్చే దారి ఇదొకటి. కాకపోతే బ్యాటరీ బరువు మోసే సామాన్ల బరువులోంచే తగ్గాలి. లోడును బట్టి కిరాయి తెచ్చుకునే బండికి ఆ లెక్క ముందే వేసుకోవాలి.

చివరికి మిగిలింది పాత ఇంజిన్‌నే బాగుచేయించడం. హెడ్డు విప్పి, బోరింగ్ కొట్టించి, స్లీవులు వేసి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి, పంపు, నాజిళ్లు సర్వీసు చేయిస్తే ఆ ఇంజిన్ మళ్లీ ఏళ్ల పాటు లాగుతుంది. ముఖ్యమైన సంగతేమిటంటే బ్లాకు మారదు కాబట్టి నెంబరూ మారదు. ఆర్‌టీఏ ఆఫీసు మెట్లెక్కే పనే లేదు. బ్లాకే పగిలి ఉంటే తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. అప్పుడైనా అదే రకం బ్లాకు, బిల్లుతో కొని, అనుమతి తీసుకుని మార్చుకోవాలి.

ఫ్లైఓవర్ మీద గాలిలో పోవడం మాత్రం ఉండదు. థర్డ్ గేరులో, పొగ లేకుండా ఎక్కితే చాలనుకోవాలి. మేస్త్రి చెయిన్ పుల్లీకి ఇంజిన్ వేలాడదీశాడు. నెలాఖరు ఇంకా పన్నెండు రోజులుంది.