40 సెకన్ల అవ్వ గొంతు

ఆఫీసులో నా పనే బ్యాకప్‌లు చూసుకోవడం. రాత్రి సర్వర్ డేటా కాపీ అయిందా లేదా అని పొద్దున్నే చూస్తా. యర్రగొండపాలెంలో మా ఇంటి కంప్యూటర్‌కి మాత్రం ఒక్క బ్యాకప్ కూడా లేదు. ‘ఈసారి ఊరెళ్లినప్పుడు చేద్దాంలే’ అనుకుంటూ నాలుగు సంక్రాంతులు దాటించేశా.

ఓ రోజు నాన్న ఫోన్. “ఒరేయ్, కంప్యూటర్‌లోంచి టక్ టక్‌మని చప్పుడొస్తోందిరా. తెర మీద ఏమీ రావట్లేదు.” ఆ చప్పుడేంటో నాకు తెలుసు. హార్డ్ డిస్క్ పోయింది.

అందులో అక్క పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, అవ్వ చెప్పిన నల్లమల కబుర్లు ఉన్నాయి. రెండు గంటల రికార్డింగ్. అవ్వ ఇప్పుడు లేదు.

పెళ్లి ఫొటోలు మార్కాపురంలో అక్క పెన్‌డ్రైవ్‌లో దొరికాయి. పొలం కాగితాలు బీరువాలోనే ఉన్నాయి, మళ్లీ స్కాన్ చేశాం. అవ్వ మాటల్లో మాత్రం, ఎప్పుడో అక్కకి వాట్సాప్‌లో పంపిన 40 సెకన్ల ముక్క ఒక్కటే మిగిలింది.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం నాకు కంఠతా వచ్చు. మొత్తం 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల పరికరాల్లో ఉండాలి. అందులో 1 ఇంటికి దూరంగా ఉండాలి. నాన్నకి వివరిస్తే నవ్వాడు. “కంది విత్తనమంతా ఒక్క బస్తాలోనే పెడతామేంట్రా? పురుగు పడితే?”

ఇప్పుడు కొత్త డిస్క్‌లో ఒక కాపీ ఉంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఇంకోటి. కాపీ అవగానే దాని వైరు పీకేస్తాం, ఎందుకంటే వైరస్ వచ్చినా, పిడుగు పడినా తగిలించి ఉన్నవన్నీ కలిసే పోతాయి. మూడోది అక్క ఇంట్లో.

‘గూగుల్ ఫొటోస్ ఉందిగా’ అంటారా? అపరిమిత ఉచిత స్టోరేజీ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా వచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. పైగా యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో ఉండేది 60 రోజులే.

ఇంకో మాట. కాపీ చేయడంతో పని అయిపోదు, తెరిచి చూడాలి. అందుకే ఊరెళ్లిన ప్రతిసారీ డ్రైవ్ తగిలించి ఏదో ఒక ఫైల్ తెరుస్తా. మొన్న అవ్వది పెట్టా. అయిపోయాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

“ఇంకోసారి పెట్టరా” అన్నాడు.