రేషన్ కార్డులో మా నాయిన

నేను 2012లో ఈ హాస్టల్లో ఐదో తరగతిలో చేరి, 2018లో పది పాసై వెళ్లాను. ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను.

మాది నారాయణపేట దగ్గర పల్లె. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అదే అన్నింటికన్నా తక్కువ. చదువురాని మిగతావాళ్లలో మా అవ్వ, నాయిన, అమ్మ ఉన్నారు.

పంట చేతికి రాని ఏడు అమ్మానాయిన మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణెకు మట్టిపనికి పోయేవాళ్లు. తొలకరికి తిరిగొచ్చేవాళ్లు. నన్ను హాస్టల్లో చేర్చిన రోజు నాయిన వేలిముద్ర వేయలేదు. నేను నేర్పిన మూడక్షరాల సంతకం పెట్టాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా, 2014లో, పునాది గుంత తవ్వుతుంటే మట్టిపెళ్లలు విరిగిపడి నాయిన చనిపోయాడు. దశదినం నాడు పెట్టడానికి ఫోటో లేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, తెల్ల రేషన్ కార్డు మీది కుటుంబ ఫోటో. అందులో నాయిన ముఖం బొటనవేలి గోరంత. స్టూడియోలో పెద్దది చేయిస్తే మసకబారింది. అవ్వ చూసి "ఈడు నా కొడుకు గాడు" అన్నది. దాన్ని మళ్లీ గోడకు పెట్టలేదు.

నాయిన పోయినా అడ్వాన్సు బాకీ పోలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న అన్న బడి మాని అమ్మతో పుణె బస్సెక్కాడు. నేనూ వస్తానని ఏడిస్తే, "నువ్వు రాకు. హాస్టల్ల అన్నం దొరుకుతది, సదువు గూడ అయితది" అన్నాడు. అప్పుడు వాడికి 15 ఏళ్లు.

తెలంగాణ వచ్చాక ఆహార భద్రత కార్డులు ఇచ్చారు. అందులో నాయిన పేరు లేదు. పాత కార్డుకు బియ్యం రావు. అయినా అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సందుగలో దాచింది.

స్కాలర్‌షిప్ ఫారంలో కులం, ఆదాయం, తండ్రి పేరు అడుగుతారు. ఆ పేరు ముందు 'లేట్' అని రాస్తాను. వృత్తి దగ్గర 'కూలీ' అని రాసేవాణ్ణి. అన్న గురించి రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. మీ ఇంట్లో మొదటి పట్టభద్రుడివని అందరూ మెచ్చుకుంటారు. సంతోషమే. ఆ డిగ్రీ కోసం గడ్డపార పట్టినవాడు ఎనిమిది వరకే పాసయ్యాడు.

తమ్ముళ్లూ, ఈసారి సెలవులకు పోయినప్పుడు అమ్మానాయినలను కూర్చోబెట్టి ఒక మంచి ఫోటో తీయండి. వాళ్లు ఏ ఊళ్లో ఏ కాలువ తవ్వారో, ఏ కట్ట పోశారో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. అన్నలు, అక్కలు చేసిన పని కూడా రాయండి. మన ఇళ్ల చరిత్ర రాయడానికి బయటివాళ్లెవరూ రారు. అక్షరం వచ్చిన మనమే రాయాలి.

— పూర్వ విద్యార్థి