ఉరకామిలో కొన్న స్థలం

నాగసాకి స్టేషన్ బయట రోడ్డు దాటి ఎత్తు దారి పడితే నిషిజాకా గుట్ట. 1597 ఫిబ్రవరి 5న జపాన్ పాలకుడు హిదెయోషి ఆజ్ఞ మీద ఇక్కడ 26 మంది క్రైస్తవులను సిలువలకు కట్టి బల్లేలతో పొడిచారు. వాళ్లలో చాలామందిని క్యోటోలో ఎడమ చెవి కోసి ఊరేగించి, నడి చలికాలంలో ఇంత దూరం నడిపించుకొచ్చారు. 1962లో శిల్పి ఫునాకోషి చేసిన వాళ్ల కంచు విగ్రహాలు వరసగా ఉన్నాయి. పాదాలు నేలకు ఆనకుండా వేలాడుతున్నాయి. అందరిలోకీ చిన్నవాడు పన్నెండేళ్ల లూయీ ఇబారకి. వాళ్లలోనే ఒకరైన గొన్సాలో గార్సియా మన దేశంలో, ముంబై పక్కన వసైలో పుట్టినవాడు. ఆయన విగ్రహం ఏదో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

వేదసాక్షుల గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి కళ్లు చెమర్చాయేగాని ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యం పక్కనే ఉన్న మ్యూజియంలో కలిగింది.

అక్కడ మరియా కన్నోన్ బొమ్మలు ఉన్నాయి. చూడటానికి బిడ్డను ఎత్తుకున్న బౌద్ధ దేవత, తెల్లటి పింగాణీ. ఇంట్లోవాళ్లకు మాత్రం మరియమాత. 1614లో దేశమంతటా క్రైస్తవం నిషిద్ధమయ్యాక దాక్కుని బతికిన క్రైస్తవులు ఇలాంటి బొమ్మల ముందే జపం చేసుకున్నారు. గురువులు లేరు. జ్ఞానస్నానం ఇచ్చేందుకు ఊళ్లో ఒకరు, పండగల లెక్క చూసేందుకు ఇంకొకరు. ప్రార్థనలు నోటికి వచ్చినవే పిల్లలకు నేర్పారు. ఇలా రెండున్నర శతాబ్దాలు!

ఏటా కొత్త సంవత్సరం మొదట్లో అధికారులు క్రీస్తు బొమ్మో మరియమాత బొమ్మో ఉన్న పలకను నేల మీద పెట్టి, ఒక్కొక్కరినీ తొక్కమనేవారు. తొక్కనివాడు దొరికినట్టే. చాలామంది తొక్కారు. ఇంటికెళ్లి పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకున్నారు.

“తొక్కేసి వచ్చి ఏడిస్తే సరిపోతుందా అండీ?” అంది మా ఆవిడ.

“మరి ఆ పిల్లలకు జపం ఎవరు నేర్పుతారు?” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నాకైతే వాళ్లను పిరికివాళ్లు అనబుద్ధి కాలేదు. చచ్చిపోయిన 26 మందికి గుట్ట మీద విగ్రహాలున్నాయి, తొక్కినవాళ్లకు లేవు.

ట్రామెక్కి ఓఉరా చర్చికి వెళ్లాం. ఈ చర్చిని విదేశీయుల కోసం కట్టారు. 1865 మార్చి 17న ఉరకామి పల్లె నుంచి కొందరు వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని అక్కడి గురువు ఫాదర్ పెతిజాన్ చెవిలో చెప్పి, మరియమాత విగ్రహం ఎక్కడని అడిగారట. ఇన్నేళ్లు దాచుకున్నది ఆ ఒక్క ప్రశ్నతో బయటపడింది.

బయటపడ్డాక కష్టాలు తగ్గలేదు, పెరిగాయి. ప్రభుత్వం ఉరకామి ఊరంతటినీ పట్టుకుని, దాదాపు 3,400 మందిని రకరకాల ప్రాంతాలకు ప్రవాసం పంపింది. 600 మందికి పైగా తిరిగి రాలేదు. తర్వాత ఉరకామి చర్చికి వెళ్లి, ఆవరణలో ఒక రాయి చూశాం. ప్రవాసం పంపిన చోట్లలో ఒకటైన హాగిలో త్సురు అనే 22 ఏళ్ల అమ్మాయిని పల్చటి బట్టలతో మంచులో ఈ రాయి మీదే కూర్చోబెట్టారు. గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంది. మా ఆవిడ దాని మీద అరచేయి ఆనించి, చాలాసేపు తీయలేదు.

1873లో నిషేధం సడలి మిగిలినవాళ్లు ఇళ్లకు చేరారు. దాక్కుని బతికిన క్రైస్తవులందరూ చర్చిలో కలవలేదు. ఇకిత్సుకి లాంటి దీవుల్లో కొన్ని కుటుంబాలు తాతల పద్ధతినే పట్టుకున్నాయి. ఉరకామివాళ్లు మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా గ్రామాధికారి ఇంటి స్థలం కొన్నారు. ఏటా తమచేత పలక తొక్కించిన చోటు అదే. 1895లో అక్కడ మొదలుపెట్టిన ఇటుకల గుడి 1914కు గాని పూర్తి కాలేదు. 1945 ఆగస్టు 9న అణుబాంబు ఆ గుడికి అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ చర్చి విచారణలోని 12,000 మంది విశ్వాసుల్లో 8,500 మంది పోయారు. మళ్లీ 1959లో అదే స్థలంలో కట్టుకున్నారు. ఇంకోచోటికి మాత్రం పోలేదు.