ఎండిన గడ్డా, సంచి గడ్డా

నవంబర్ 12, పెద్దేముల్

తమ్ముని కొడుకు తాండూరు నుంచి డీసీఎంలో సైలేజీ సంచులు దించుకున్నాడు. బర్రెల కోసమే తెచ్చాడు. దసరా తర్వాత బరాత్‌ల కోసమని ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు కదా, దానికీ ఇదే వేస్తానంటున్నాడు.

"పాలు పెరిగినయ్ గద పెద్దనాయినా, దీనికి మాత్రం బలం రాదా?"

రాదని కాదు. బర్రెది నాలుగరల పొట్ట, నెమరేసే జీవం. గుర్రానికున్నది ఒక్క చిన్న పొట్ట. నారంతా అరిగేది వెనక పెద్దపేగులో. తేడా చేస్తే కక్కుకుందామన్నా దానికి చేతకాదు, కడుపునొప్పితో పొర్లాల్సిందే.

నవంబర్ 13

ఒక సంచి విప్పాం. తరిగిన మొక్కజొన్న, మధ్యమధ్య పాలకంకి గింజలు, పులిసిన అంబలి వాసన. బాగానే మాగింది. అడుగున ఎలుక కొరికిన చోట మాత్రం అరచేయంత తెల్లబూజు, లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. బర్రెలకైతే అంతమేర తీసి పారేసి మిగతాది వేస్తారు, అదీ మంచిది కాదు. గుర్రానికి ఆ సంచే వద్దు. మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం బూజు విషం గుర్రం మెదడును కుళ్ళబెడుతుంది. ఇక మట్టో, చచ్చిన ఎలుకో గాలి ఆడని సంచిలో పడితే బాట్యులిజం. దానికి గుర్రాలు తొందరగా లొంగుతాయి.

నవంబర్ 17

ఇంగ్లండ్‌లో గుర్రాలకు హేలేజ్ అని ఒకటి పెడతారు. గడ్డిని కోసి, సగం ఆరనిచ్చి, గాలి చొరకుండా ప్లాస్టిక్ చుడతారు. ఎండుగడ్డిలో తేమ 15 శాతం దాటకూడదు, సైలేజీలో 65, 70 దాకా ఉంటుంది, ఇది ఆ రెంటికీ నడుమ. వాళ్లకు వరసగా నాలుగు రోజులు ఎండ కాయడమే గగనం, అందుకని అట్లా చుట్టుకుంటారు. మనకు ఎండకేం కరువు? వానలు వెనక్కి తగ్గాక తాండూరు నాపరాయి పరిచిన కల్లంలో పొద్దున పరిస్తే సాయంత్రానికి గలగలమంటుంది.

నవంబర్ 21

లెక్క చూద్దాం. గుర్రం బరువు సుమారు 350 కిలోలు. రోజుకు అందులో రెండు శాతం, అంటే ఏడు కిలోల పొడి మేత కావాలి. 50 కిలోల సంచిలో నీళ్లు పోగా మిగిలేది 17 కిలోలు. సగం ఇది, సగం ఎండుది వేసినా సంచి అయిదు రోజులు వస్తుంది. విప్పిన సంచి ఎండాకాలంలో రెండు మూడు రోజులకే వేడెక్కుతుంది. పది గుర్రాల లాయమైతే పొద్దు గూకేలోపు సంచి ఖాళీ. ఒక్కదానికి కుదరదు.

డిసెంబర్ 2

గుర్రం దగ్గుతోంది. తాండూరు చాచా వచ్చి చూశాడు. చిన్నప్పటి నుంచీ గుర్రాల పనిలోనే ఉన్న మనిషి. జ్వరం లేదు, ముక్కు కారడం లేదు. గడ్డి పిడికెడు తీసి ఎండలో దులిపాడు, దుమ్ము లేచింది. "బీమారీ గుర్రంల లేదు బేటా, గడ్డిల ఉంది. తడిపి వెయ్."

అరగంట నీళ్లలో నానేసి, పిండి, అప్పటికప్పుడే వేయాలి. ఉదయం నానేసింది రాత్రికి పెడితే అదో కొత్త రోగం. దగ్గు విషయంలో మాత్రం హేలేజ్‌ది పైచేయి, దుమ్ము లేవదు.

డిసెంబర్ 10

వరిగడ్డి మోపులు ఊరంతా ఉన్నాయి, ఎవరైనా ఇస్తారు. అందులో ఇసుకపాలే ఎక్కువ, సత్తువ తక్కువ. ఒట్టి వరిగడ్డి మీద గుర్రాన్ని బతికించలేం, పేగులో గడ్డకట్టే భయం కూడా. జొన్నచొప్ప నయం. పచ్చిజొన్న మాత్రం వద్దు. నాము తిన్న ఎద్దు చేలోనే పడిపోవడం ఈ వైపు పెద్దలందరికీ తెలుసు. గుర్రాలకు దాంతో పాటు ఇంకో బాధ: పచ్చిజొన్న మేసినవాటికి మూత్రాశయం, వెనక కాళ్లు దెబ్బతిన్న సంగతి అమెరికాలో నమోదైంది. బాగా ఎండితే నాము విషం చాలావరకు పోతుంది. ఎరువు ఎక్కువేసిన చేలో పట్టే నైట్రేటు మాత్రం ఎండినా పోదు.

జనవరి 6

కంది కోతలు. 2022లో జీఐ గుర్తింపు వచ్చాక తాండూరు కందిపప్పు పేరు ఇంకా గట్టిపడింది. మాకు పనికొచ్చేది పొట్టు. ఆకు, కాయపొట్టు కలిసిన బస్తా దులిపి వేస్తే గుర్రం గిన్నె నాకుతోంది. కొత్త మేత కదా, పిడికెడుతో మొదలుపెట్టి పది పన్నెండు రోజుల్లో పెంచాలి. తమ్ముని కొడుకు మొదటి రోజే తట్ట నింపబోయాడు.

మా జిల్లా వికారాబాద్‌కు ఆ పేరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. ఆయనది పైగా వంశం. నిజాం ఫౌజును పోషించడానికే వాళ్లకు జాగీర్లు దక్కాయి. అంటే ఆ జాగీర్ల శిస్తు కొంత గుర్రాల కడుపులోకే పోయి ఉంటుంది. ఇప్పుడు ఒక్క గుర్రానికి మేత ఎట్లా అని తల పట్టుకుంటున్నాం!

జనవరి 19

అసలు లోపం ఎక్కడో ఇవాళ పట్టుబడింది. తడా, పొడా అన్నది తర్వాతి మాట. మనం గడ్డిని ముదరనిచ్చి, విత్తు రాలి, పసుపుబారాక కోస్తాం. చచ్చిన గడ్డినే ఎండబెడుతున్నాం. హేలేజ్‌కు సత్తువ వచ్చేది ప్లాస్టిక్ వల్ల కాదు, వెన్ను తీసేవేళ కోయడం వల్ల. అదే అదనులో కోసి మన ఎండకు ఆరేస్తే ఇంకేం కావాలి? ఆరిందో లేదో చూడటానికి తరిగిన గడ్డి, కాస్త పొడి ఉప్పు సీసాలో వేసి కుదిపాను. ఉప్పు ముద్దకడితే తడి ఉన్నట్టు. మాది పొడిపొడిగానే రాలింది.

ఫిబ్రవరి 3

సైలేజీ బర్రెలకే. గుర్రానికి ఎండుగడ్డి, తరిగిన చొప్ప, కొంత కందిపొట్టు, బరాత్ ఉన్న రోజుల్లో ఉడికించిన ఉలవలు. తమ్ముని కొడుకు ఒప్పుకున్నాడు, మనసులో ఇంకా సంచులే ఉన్నాయి.

గట్ల మీది గడ్డి ఈసారి అక్టోబరులో, వెన్ను తీస్తుండగానే కోయాలని కూలీలకు ఇప్పుడే చెప్పాను. "అప్పటికి పత్తి ఏరుడు షురువైతది పటేలా, గడ్డికి ఎవరొస్తరు?" అంది ఆ ముఠా పెద్దమ్మ. పత్తి కూలి మీద ఎంత ఎక్కువిస్తే వస్తారో ఆమే చెప్పాలి. ఇంకా తేల్చలేదు.