మాస్కు సంగతి తేలేదెప్పుడు?

మా ఇంట్లో రెండు వాదనలు ఎప్పటికీ తెగవు. పప్పుచారులో ఇంగువ వెయ్యాలా వద్దా అన్నది ఒకటి. మాస్కు రెండోది. ఇంగువ సంగతి ఎలా ఉన్నా ఫర్వాలేదు. మాస్కు మాత్రం మా మామగారి ప్రాణంతో ముడిపడిన విషయం. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఊపిరితిత్తుల జబ్బు. చలికాలం వస్తే ఇన్‌హేలర్ చేతిలో ఉండాల్సిందే. జలుబో దగ్గో ఉన్నవాళ్లు ఆయన గదిలోకి మాస్కు పెట్టుకునే వెళ్లాలని నా పట్టు. ‘మాస్కు పనిచెయ్యదని శాస్త్రవేత్తలే తేల్చేశారు కదా వదినా’ అని మా మరిది వాదన.

అతను ఊరికే అనడు. లెక్కలు చూపిస్తాడు. 2020లో డెన్మార్క్‌లో దాదాపు ఆరువేల మంది మీద పరిశోధన జరిగింది. మాస్కు పెట్టుకోమన్నవాళ్లలో 1.8 శాతం మందికి, మిగతావాళ్లలో 2.1 శాతం మందికి కరోనా సోకింది. అంత చిన్న తేడా మాస్కు వల్లేనని చెప్పలేం. 2023 జనవరిలో కాక్రేన్ సంస్థ చేతులు కడుక్కోవడం, మాస్కుల వంటి జాగ్రత్తల మీద జరిగిన 78 పరిశోధనలను పరిశీలించింది. జనం మాస్కులు పెట్టుకున్నా పెద్ద తేడా కనిపించలేదంది.

ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ పరిశోధనలు దేన్ని కొలిచాయో కూడా చూడాలి కదా! డెన్మార్క్‌లో చూసింది మాస్కు పెట్టుకున్న మనిషికి రక్షణ ఉందా అని. జబ్బున్నవాళ్లు పెట్టుకుంటే ఎదుటివాళ్లకు మేలా అని కాదు. మా ఇంట్లో ప్రశ్న ఈ రెండోదే. పైగా చెప్పినట్టు మాస్కు పెట్టుకున్నామన్నవాళ్లు 46 శాతమే. వాడని మందు పనిచెయ్యలేదంటే ఎలా? ఇక కాక్రేన్ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ 2023 మార్చిలో వివరణ ఇచ్చారు. మాస్కులు పనిచెయ్యవని అర్థం తీయడం తప్పని, ఫలితం ఎటూ తేలలేదని చెప్పారు. లేదని తేలడం వేరు, తేలకపోవడం వేరు.

బంగ్లాదేశ్‌లో 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా 600 గ్రామాల్లో మరో పరిశోధన జరిగింది. మాస్కులు ఉచితంగా పంచి, పదేపదే చెబితే, సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్లలో అరవై దాటినవారిలో లక్షణాలతో కూడిన కరోనా 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులతో మాత్రం స్పష్టమైన మేలు కనిపించలేదు. ఈ లెక్కల మీదా నిపుణులు వాదించుకుంటూనే ఉన్నారు.

మరి మనలాంటివాళ్లం ఏం చెయ్యాలి? నేను తూకం వేసుకున్నాను. ఒకవైపు కొద్ది రూపాయల మాస్కు, కాసేపు ఉక్కపోత. మరోవైపు పెద్దాయనకు ఆయాసం, ఆస్పత్రి, ఆక్సిజన్. ఏది బరువో మీరే చెప్పండి. సంక్రాంతికి ఇల్లంతా పిల్లలే. ముక్కు కారుతోందని మనవణ్ణి తాతగారి దగ్గరకు వెళ్లొద్దనడం ఇద్దరికీ శిక్షే. కిటికీ తెరిచి, వాడి ముఖానికి ఓ మాస్కు తగిలిస్తే కథ చెప్పించుకునే వీలైనా ఉంటుంది.

శాస్త్రవేత్తల వాదన సాగాల్సిందే. అది పూర్తిగా తేలేదాకా చలికాలం మాత్రం మనకోసం ఆగదు.