కార్బొరేటర్ మీది తేదీ

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కార్ల కంపెనీల మీద బతికేవాళ్లు చాలామందే ఉన్నారు. పాత కార్ల పిచ్చి మాత్రం కొందరికే పడుతుంది. మా బావమరిదికి పట్టింది. 2016 వేసవిలో, ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరిగే ఆగస్టు ఇంకా రాకముందే, వాడొక 1969 పాంటియాక్ జీటీఓ అమ్మకానికి ఉందని పట్టుకొచ్చాడు. "బావా, నువ్వూ రావాలి. ఇంజిన్ దగ్గర నాకు ధైర్యం చాలదు" అన్నాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్న షెడ్డులో అంబాసిడర్ కార్బొరేటర్లు విప్పి కడుగుతూ పెరిగినవాణ్ణి. ఆ ధైర్యంతోనే వెళ్లాను.

కారు ముదురు ఆకుపచ్చది. 400 క్యూబిక్ ఇంచుల వి8 ఇంజిన్, 350 హార్స్‌పవర్, నాలుగు గేర్ల మాన్యువల్. అమ్మే పెద్దాయన రిటైరయ్యి చాలా కాలమైంది. కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని గరాజ్ ముందు మాకోసం ఎదురుచూస్తున్నాడు. 'అన్నీ ఒరిజినలే' అన్నది ఆయన ప్రకటనలోని మాట. ఆ ఒక్క మాట మీదే ధర వేల డాలర్లు పైకో కిందికో జరుగుతుంది.

కారు నంబరు 242379పీ తో మొదలైంది. 242 అంటే జీటీఓ, 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, 9 అంటే 1969, పీ అంటే మిషిగన్‌లోని పాంటియాక్ ఫ్యాక్టరీ. ఇంజిన్ బ్లాకు ముందువైపు కొట్టిన అంకెలు దానితో సరిపోయాయి. ఆ పని తొందరగానే అయిపోయింది.

తర్వాత కార్బొరేటర్. ఆ కార్ల మీద ఉండేది రోచెస్టర్ క్వాడ్రాజెట్. నాలుగు రంధ్రాలు: ముందు రెండు చిన్నవి, వెనక రెండు బాగా పెద్దవి. మామూలుగా నడిపితే చిన్నవాటితోనే బండి సాగిపోతుంది. కాలు గట్టిగా నొక్కితేనే పెద్దవి తెరుచుకుంటాయి. దాని నంబరు డ్రైవరు వైపు, బాడీ వెనక మూలలో, నిలువుగా కొట్టి ఉంటుంది. థ్రాటిల్ లింకేజీ అడ్డం వస్తుంది కాబట్టి నిలబడి చూస్తే కనపడదు. నేను ఫెండరు మీద పాత దుప్పటి పరిచి, దానిమీద బోర్లా పడుకుని టార్చి పట్టుకున్నాను. యాభై ఏళ్ల నూనె మడ్డి అక్కడ గట్టిగా అట్టకట్టింది. క్లీనర్ కొట్టి, పళ్ల బ్రష్షుతో రుద్ది, ఆరాక సుద్దముక్క అద్దాను. అంకెలు తెల్లగా లేచాయి: 7029263.

మా వాడు పైనుంచి ఒక్కొక్క అంకే రాసుకున్నాడు. 702 తర్వాత 9 వస్తే 1969 మోడల్. ఆ తర్వాతి 2 నాలుగు రంధ్రాలదని చెబుతుంది. 6 పాంటియాక్‌కి, 4 అయితే బ్యూయిక్‌కి, 5 అయితే ఓల్డ్స్‌మొబైల్‌కి. చివరి అంకె బేసి అయితే మాన్యువల్ గేర్లు, సరి అయితే ఆటోమేటిక్. ఈ కారుకి ఉండవలసిన నంబరు అచ్చంగా ఇదే. మా వాడి మొహం వెలిగిపోయింది. పెద్దాయన కూడా నవ్వాడు.

నేను మాత్రం ఇంకా దిగలేదు. నంబరు కొట్టిన చోటు మీద గోరు ఆడించాను. పోతపోసిన లోహానికి ఒక గరుకు ఉంటుంది. పాత నంబరు గీకేసి కొత్తది కొట్టినవాడు ఆ గరుకుని తిరిగి తేలేడు, ఆ చోటు నున్నగా తగులుతుంది. ఇక్కడ గరుకు అంతా సమంగా ఉంది. కొట్టిన అంకెలు కూడా ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఫ్యాక్టరీ హడావిడిలో పడినట్టే ఉన్నాయి. పై మూత, బాడీ, కింది ప్లేటు మూడూ ఒకే రంగులో మాగాయి. పెద్ద ఎత్తున రీబిల్డ్ చేసే కంపెనీలు వందల కార్బొరేటర్లు విప్పి, దేని మూత దేనికో బిగించేవి. ఇది ఆ బాపతు కాదు.

ఇక మిగిలింది తేదీ. అదే మూలలో నాలుగు అంకెలు: 1129. మొదటి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, నాలుగోది ఏడాది. 1969లో 112వ రోజంటే ఏప్రిల్ 22. బానెట్ లోపల, ఇంజిన్ వెనక గోడకి కొట్టిన బాడీ రేకు మీద 03సీ అని ఉంది. అంటే మార్చి మూడో వారం. ఆయన ఫైలులోనే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి తెప్పించుకున్న ఇన్‌వాయిసు నకలు ఉంది, దానిమీదా మార్చే. కారు ఫ్యాక్టరీ గేటు దాటి నెల తిరిగాక పుట్టిన కార్బొరేటరు ఆ కారుతో పాటు ఎలా వస్తుంది?

నేను దిగి ఆయనకి అన్నీ చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని టార్చి తీసుకుని తనే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తాను 1980ల్లో కొన్నప్పటి నుంచీ ఇదే ఉందని, ముందు యజమాని ఎప్పుడు మార్చాడో తనకి తెలియదని చెప్పాడు. నేను నమ్మాను. నంబరు సరిపోయాక తేదీ దాకా వెళ్లేవాళ్లు తక్కువే. అప్పట్లో ఇవి కేవలం కార్లు. కార్బొరేటర్ మొరాయిస్తే తుక్కు యార్డులో అలాంటిదే ఇంకో బండి మీదిది పీకి పెట్టుకునేవాళ్లు. ఆటోనగర్‌లో మేమూ అదే చేసేవాళ్లం, ఎవరి బండిది ఎవరికి ఎక్కిందో లెక్క రాసినవాడు లేడు. అది తప్పు పని కాదు. దాన్ని ఒరిజినల్ అని చెప్పి డబ్బు తీసుకుంటేనే తప్పు.

బేరం మళ్లీ మొదలైంది. పెద్దాయన కొంత తగ్గించాడు. అంతేకాదు, రసీదు మీద తన చేత్తోనే 'కార్బొరేటర్ సరైన నంబరుదే గానీ కారుతో వచ్చింది కాదు' అని రాసి సంతకం పెట్టాడు. అడక్కుండానే రాశాడు. ఆయన మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత విడిభాగాల సంతకి ఇద్దరం వెళ్లాం. ఒక బల్ల మీద అదే 7029263, తేదీ 0559. ఫిబ్రవరి 24. మా కారుకి కొలిచి చేసినట్టు సరిపోయే తేదీ. ధర వింటే గుండె జారింది. అయినా మా వాడి చెయ్యి జేబులోకి పోయింది. "బావా, ఇది పెడితే ఎవడూ వేలెత్తి చూపలేడు" అన్నాడు.

"ఇదీ ఇంకో బండిదేరా. ఆ ఏప్రిల్‌ది కనీసం ముప్ఫై ఏళ్లు నీ కారుని లాగింది. దాన్ని తీసేసి దీన్ని పెడితే, కాగితం మీద తప్ప నీ కారు ఏం ఒరిజినల్ అయినట్టు?" అన్నాను.

వాడు కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్లమీద పెట్టేశాడు. ఆ డబ్బులో కొంత పెట్టి మా పాతదానికే గాస్కెట్లు, ఫ్లోటు కొన్నాడు. ఇంటికొచ్చాక విప్పితే, అడుగున పెట్రోలు కారకుండా ప్లగ్గుల మీద ఎవరో ఎప్పుడో పూసిన ఎపాక్సీ కనపడింది. చక్కగా పూశాడు, ఇంకా పట్టే ఉంది. దాన్ని అలాగే ఉంచి తిరిగి బిగించాం.